వీరవేణి పదును పెట్టని చైన్లు

మా ఏటిగట్టు ఊళ్ళో చెట్టు కోయించాలంటే అందరూ అచ్చిబాబుకే ఫోన్ చేస్తారు. అతను కోతమిషన్ని మోపెడ్ ముందర పెట్టుకుని వస్తాడు, కోసి వెళ్ళిపోతాడు. మిషన్ అంత తేలిగ్గా మానులోకి దిగడానికి కారణం అతని పెరటి వసారాలో ఉందని చాలామందికి తెలీదు. ఆ కారణం పేరు వీరవేణి. అచ్చిబాబు భార్య. మా ఇంటికి మూడిళ్ళ అవతల ఉంటారు వాళ్ళు. ఈ సంగతులు కొన్ని నేను చూసినవి, ఎక్కువ భాగం ఆవిడ చెప్పినవి.

వీరవేణి అంబాజీపేట దగ్గర ఒక వడ్రంగి కూతురు. చిన్నప్పుడు తండ్రి చేతిరంపాలకి పదును పెడుతుంటే ఎదురుగా కూర్చుని చూసేది. పదేళ్ళు వచ్చేసరికి ఆకురాయి ఆమె చేతికే ఇచ్చేశాడు. ముందుకు తోసినప్పుడే ఆకురాయి కోస్తుందని, వెనక్కి తీసేటప్పుడు ఎత్తి తియ్యాలని ఆయన దగ్గరే నేర్చుకుంది.

పెళ్ళినాటికి అచ్చిబాబు చెట్లెక్కి కొబ్బరి దింపులు తీసేవాడు. తర్వాత కోతమిషన్ కొన్నాడు. నాలుగో రోజుకే మాను కోసే పళ్ళ చైను మొద్దుబారిపోయింది. పదును పెట్టించుకురావడానికి రాజమండ్రి బయల్దేరుతుంటే వీరవేణి, "ఏదీ, ఇటివ్వండి చూద్దాం" అంది. ముప్ఫై ఆరు పళ్ళు. సగం కుడివైపుకి, సగం ఎడమవైపుకి తిరిగి ఉన్నాయి. ఎక్కడ మొదలుపెట్టిందో గుర్తుండడానికి మొదటి పంటి మీద గోళ్ళరంగు చుక్క పెట్టుకుంది. ఒక్కో పంటికి మూడు తోపులు, అంతకు ఎక్కువా కాదు, తక్కువా కాదు. మర్నాడు అచ్చిబాబు సాయంత్రం దాకా ఆ చైనుతోనే కోసి వచ్చాడు.

"కొత్తదానికంటే బాగా తెగుతోందే!" అన్నాడు.

ఆ రోజు ఆమెకి సంతోషంగానే ఉంది. ఆ సంతోషం పధ్నాలుగేళ్ళు తనని వసారాలో కూర్చోబెడుతుందని తెలీదు.

ఇంట్లో మూడు చైన్లు తిరుగుతూ ఉండేవి. ఒకటి మిషన్ మీద, ఒకటి అచ్చిబాబు పెట్టెలో, ఒకటి వీరవేణి చేతిలో. పదును పెట్టినవి ఐస్‌క్రీమ్ డబ్బాలో నూనెలో నానేవి. పెట్టవలసినవి గోడకున్న మేకుకి వేలాడేవి. ఆ మేకు ఖాళీగా ఉన్న రోజు లేదు. కొబ్బరి మాను పీచు చైనుని తినేస్తుంది. గోదావరి మధ్య లంకల్లో చెట్లకైతే బెరడులో ఇసుక. రోడ్డు పక్క చెట్లకి ఫ్లెక్సీలు కట్టిన మేకులు, పశువుల్ని కట్టిన తీగలు మానులోనే కలిసిపోయి ఉంటాయి. ఒక్క మేకు తగిలితే చాలు, పొద్దున్న పెట్టిన పదునంతా పోతుంది. కోతలోంచి పొట్టు ముక్కలు ముక్కలుగా పడితే చైను బాగున్నట్టు. పిండిలా రాలితే పని అయిపోయినట్టు. పిండి రాలగానే అచ్చిబాబు ఫోన్ చేసేవాడు.

ఒక శివరాత్రికి పక్కింటి వాళ్ళతో కలిసి పట్టిసీమ వెళ్ళింది. రేవు దాటి, క్యూలో మూడు గంటలు నిలబడింది. ఇంకో నలభై మంది దాటితే దర్శనం. ఫోన్ మోగింది.

"మేకు మీదకి పోయిందే. రెండోది కూడా పిండే. సాయంత్రంలోపు వచ్చెయ్. రేపు పొద్దున్నే కోత ఉంది."

వీరవేణి క్యూలోంచి పక్కకొచ్చేసింది. తిరుగు పడవలో ఆమె ఒక్కతే ఆడమనిషి.

అచ్చిబాబు చెడ్డవాడు కాదు. తాగడు, చెయ్యి చేసుకోడు. కూతుర్ని కాకినాడలో నర్సింగ్ చదివిస్తున్నాడు. కానీ చైను పదును అనేది వంటింట్లో నీళ్ళలాగా ఎప్పుడూ ఉండాల్సిన వస్తువు అతనికి. అది ఎవరి చేతుల్లోంచి వస్తోందో ఆలోచించలేదు. ఆమె కుడి బొటనవేలికి స్పర్శ తగ్గిపోయింది. వేళ్ళ గీతల్లో ఇనుపరజను దిగి, ఎంత తోమినా నల్లగానే ఉండేది. చీర కొన్నప్పుడు షాపులో చెయ్యి చాపడానికి సిగ్గుపడేది.

కిందటి ఆషాఢంలో ఊరి చివర కొబ్బరిపీచు షెడ్డులో మనుషులు కావాలన్నారు. పొద్దున్న ఎనిమిది నుంచి సాయంత్రం ఐదు. మా వీధి ఆడవాళ్ళు నలుగురు ఆటోలో వెళ్ళొస్తున్నారు. వీరవేణి వెళ్ళి కనుక్కొచ్చింది.

"అక్కడా దుమ్మే కదమ్మా, ఏం సుఖం?" అని నేనడిగాను.

"ఐదింటికి పనయిపోతుందండీ. అయిపోయిన పని ఇంటికి రాదు" అంది.

ముందురోజు అచ్చిబాబు తగిలించిన మూడు చైన్లూ, ఆ సోమవారం అతను ఇంటికొచ్చేసరికి మేకుకే ఉన్నాయి.

"రుద్దలేదా?"

"లేదండీ. పీచు షెడ్డుకి వెళ్ళేను. వచ్చే నెల ఒకటి నుంచి రమ్మన్నారు."

"సరే, మాట్లాడదాంలే. ముందు అవి రుద్దు."

"రుద్దను."

పధ్నాలుగేళ్ళలో ఆ మాట అతను మొదటిసారి విన్నాడు. గొడవ పడలేదు. చెంబుతో నీళ్ళు తాగి వీధరుగు మీదకి వెళ్ళి కూర్చున్నాడు. మంగళవారం ఇద్దరూ మాట్లాడుకోలేదు. చైన్లు మేకుకే ఉన్నాయి.

బుధవారానికి గోదావరి పెరిగింది. ధవళేశ్వరం దగ్గర రెండో ప్రమాద హెచ్చరిక ఇచ్చారని పొద్దున్నే దండోరా వేశారు. కాజ్‌వే ముందురోజే మునిగి, లంకలకి పడవలే దిక్కయ్యాయి. ఆరు గంటలకి అవతల కొప్పులవారిలంక నుంచి సురేష్‌బాబు అనే రైతు ఫోన్ చేశాడు. ముందురోజు గాలికి పెద్ద నిద్రగన్నేరు చెట్టు పడి, రేవుకెళ్ళే దారి పూర్తిగా మూసుకుపోయిందట. లంకలో గేదెల్ని, దూడల్ని పడవలెక్కించాలంటే ఆ దారి ఒక్కటే.

అచ్చిబాబు మేకు మీంచి చైన్లు తీశాడు. ఒకదాని పంటి మీద గోరు పెట్టి చూశాడు. వీరవేణి వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తూనే ఉంది. అతను టీ తాగడానికి పట్టిన సమయంలో ఒక చైనుకి పదును పెట్టెయ్యగలదు. అడుగుతాడేమో అని చూసింది. అతను అడగలేదు. ఒకటి మిషన్‌కి బిగించి, రెండు పెట్టెలో పడేసుకుని రేవుకి వెళ్ళిపోయాడు.

పదిన్నరకి ఆమె ఫోన్ మోగింది. భర్త అనుకుంది. ఎత్తకూడదనుకుంది. పేరు చూస్తే సురేష్‌బాబు.

"అమ్మా వీరవేణీ, కంగారు పడకు. అచ్చిబాబు కాలు కొమ్మ కింద ఇరుక్కుపోయింది. మనిషి బాగానే ఉన్నాడు. మిషన్ బ్లేడు కూడా మానులో బిగిసిపోయింది, ఊడి రావట్లేదు. ఇంట్లో ఇంకో బ్లేడూ చైనూ ఉన్నాయా అని అడగమంటున్నాడు."

"పాతవి ఉన్నాయండి."

"ఎవరికైనా ఇచ్చి పంపు. త్వరగా. నీళ్ళు ఎక్కుతున్నాయి."

ఆమె ఎవరికీ ఇవ్వలేదు. అటక మీంచి, చైను తిరిగే పాత బ్లేడు తీసింది. డబ్బా అడుగున నాలుగో చైను ఉంది. అరిగి అరిగి పళ్ళు సగానికొచ్చాయని పక్కన పడేసినది. అదీ మొద్దే. ఆకురాయి, స్పానరు సంచిలో వేసుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా రేవుకి పరిగెత్తింది.

బుల్లియ్య ఇంజను పడవ సిద్ధంగా ఉంది. డెబ్భై ఏళ్ళ మనిషి, వరదలో లంకకీ గట్టుకీ మధ్య తిరిగేది ఆయనే. పడవ కదలగానే వీరవేణి అడ్డబల్ల మీద చైను పరిచి, ఎడమచేత్తో ఒక్కో పన్నూ ఒత్తి పట్టుకుని రుద్దడం మొదలుపెట్టింది. ఎర్రనీళ్ళు సుడులు తిరుగుతూ పడవని పక్కకి లాగుతున్నాయి. రెండుసార్లు ఆకురాయి జారి వేలు తెగింది.

"అమ్మాయ్, చెయ్యి తెగుద్దే. ఒడ్డుకెళ్ళి రుద్దుకో" అన్నాడు బుల్లియ్య.

"ఒడ్డు దాకా ఆగలేను బాబాయ్. నువ్వు పోనీ."

లంక రేవు తగిలేసరికి పధ్నాలుగు పళ్ళయ్యాయి.

చెట్టు పడినచోట దారి మోకాలిలోతు నీళ్ళలో ఉంది. అచ్చిబాబు కొమ్మల మధ్య వెనక్కి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. నీళ్ళు నడుం దాకా ఉన్నాయి. కోసేటప్పుడు చైను దిగక, మిషన్ మీద బరువంతా వేసి నొక్కాడట. పొగ వస్తున్నా నొక్కాడట. ఆ ధ్యాసలో మాను కుంగుతున్నది చూసుకోలేదు. బ్లేడు బిగిసింది. లాగుదామని వంగేసరికి మాను ఒక్క పొర్లు పొర్లింది. తొడంత కొమ్మ ఒకటి మోకాలికి దిగువన పడి, కాలుని అడుగున ఉన్న ఇంకో కొమ్మకి అదిమేసింది.

సురేష్‌బాబు, మరో నలుగురు ఉన్నారు. గునపాలతో తవ్వి చూశారు. అడుగున కొమ్మ ఉండడంతో లాభం లేకపోయింది. గొడ్డలి వేస్తే ప్రతి దెబ్బకీ మాను అదిరి కాలి మీదకి దిగుతోంది. అచ్చిబాబు కేకకి గొడ్డలి పట్టినవాడు వదిలేశాడు. రక్షణ పడవకి కబురు చేశారు. రెండు గంటలు పడుతుందన్నారు.

అచ్చిబాబు భార్యని చూసి, "నువ్వొచ్చేవా" అన్నాడు.

అతని పక్కనే, మాను మీద, పెట్టె తెరిచి ఉంది. అందులో రెండు చైన్లు. పెట్టెలోవి, మానులో బిగిసినది, మూడూ తను మేకుకి వదిలేసినవే. వీరవేణి చూపు తిప్పుకుని స్పానరు తీసింది. బిగిసిన బ్లేడుని మానులోనే వదిలేసి, దాని మీంచి మిషన్ విప్పేసింది. పాత బ్లేడు ఎక్కించి, చైను తొడిగింది. మిషన్ని మాను మీద పెట్టుకుని, మిగిలిన పళ్ళకి ఆకురాయి పెట్టింది.

"ఇప్పుడు రుద్దుతూ కూర్చుంటావేంటమ్మా! ఉన్నదాంతో కొయ్యనీ" అని సురేష్‌బాబు అరిచాడు.

"మొద్దు చైనుతో కోస్తే మళ్ళీ బిగుస్తుందండి. రెండో బ్లేడు లేదు నా దగ్గర."

"నీళ్ళు చూడు!"

ఆమె చూడలేదు. ఒక పన్ను, మూడు తోపులు. ఇంకో పన్ను, మూడు తోపులు. చీర అంచు నీళ్ళలో తేలుతోంది. వెనక లంకలో ఎక్కడో గేదె ఆగకుండా అరుస్తోంది. అచ్చిబాబు పళ్ళ బిగువున, "చాల్లే, మొదలెట్టు" అన్నాడు. "చాలదు" అంది. అతని పొట్ట మీదకొచ్చిన నీళ్ళు రొమ్ము కిందకి వచ్చాయి. ఈ సంగతి నాకు చెబుతూ ఆమె, "పరిగెత్తడానికి వీల్లేదండీ, ఏడవడానికి వీల్లేదు. అన్నీ వదిలేసి పదహారో పన్ను, పదిహేడో పన్ను అని లెక్కపెడుతున్నాను. నన్ను నేనే కట్టేసుకున్నట్టుంది" అంది.

చివరి పన్నయ్యాక తలెత్తింది. "ఎవరు కోస్తారు?"

ఎవరూ ముందుకి రాలేదు. మిషన్ పట్టినవాళ్ళు లేరు అక్కడ.

"నువ్వే కొయ్యి. ఇంకెవడికీ ఇవ్వకు" అన్నాడు అచ్చిబాబు.

పదును చూడడానికి పెరట్లో ఒకటి రెండు కర్రముక్కలు కోసింది తప్ప, ఆమె ఎప్పుడూ చెట్టు కోయలేదు. మనుషులు పడవ తాళ్ళతో మానుని రెండు కొబ్బరిచెట్లకి లాగి కట్టారు. పొర్లకుండా దుంగలు అడ్డం పెట్టారు. వీరవేణి మిషన్ స్టార్ట్ చేసే తాడు లాగింది. మూడోసారికి మిషన్ అందుకుంది. కొమ్మ మానుని కలిసేచోట, నీటికి జానెడు పైన పెట్టింది. అచ్చిబాబు మిషన్ మోతకి మించి అరుస్తూ చెబుతున్నాడు. "పైనించి సగం! నొక్కకు! దాన్నే దిగనియ్! ఇంక ఆపి కిందనించి ఎత్తు!"

పొట్టు ముక్కలు ముక్కలుగా ఎగిరింది. ఆమె మొహం మీద, అతని జుట్టులో పడింది. సగం బాగానే దిగింది. కిందనించి ఎత్తినప్పుడు బ్లేడు కొస ఇసుకనీళ్ళలో మునిగింది. నాలుగు నిమిషాల్లో ముక్కలు సన్నబడ్డాయి. తర్వాత పిండి. చైను వేడెక్కి వాసనొస్తోంది.

ఇంకా నాలుగువేళ్ళ మందం ఉంది. నీళ్ళు అతని భుజాల దగ్గరున్నాయి. సురేష్‌బాబు అతని తల వెనక చెయ్యి పెట్టి ఎత్తి పట్టుకున్నాడు.

వీరవేణి మిషన్ ఆపేసింది. మళ్ళీ ఆకురాయి తీసింది.

ఈసారి ఒక్కో పంటికి ఒక్కటే తోపు. ముప్ఫై ఆరు తోపులు. ఆమె చేతుల్లోంచి కారుతున్న రక్తం నూనెలో కలిసి నల్లగా ఉంది. మళ్ళీ తాడు లాగింది. నాలుగువేళ్ళ మందం తెగడానికి నిమిషం పట్టింది. కొమ్మ టప్పున విడిపోయింది. గునపాలు పెట్టి ముగ్గురు ఎత్తారు, ఇద్దరు అతన్ని చంకల కింద పట్టి లాగారు. కాలు బయటకొచ్చినప్పుడు అచ్చిబాబు అరవలేదు. స్పృహ తప్పింది.

బుల్లియ్య పడవలో గట్టుకి, అక్కణ్ణించి నూట ఎనిమిది అంబులెన్సులో అమలాపురం, తర్వాత కాకినాడ. కాలు దక్కింది. పాదం మాత్రం మడవడానికి రాదు. కర్ర పట్టుకుని నేలమీద నడుస్తాడు. మిషన్ పట్టుకుని చెట్టెక్కడం, వాలులో నిలబడడం ఇంక కుదరవని డాక్టరు చెప్పాడు. కొమ్మ తెగడంతో దారి కూడా గేదె దూరేంత వెడల్పున తెరుచుకుంది. ఆ సందులోంచే సురేష్‌బాబు వాళ్ళు ఆ మధ్యాహ్నం గేదెల్ని ఒక్కొక్కటిగా దాటించారు.

పీచు షెడ్డు వాళ్ళు చెప్పిన ఒకటో తారీఖు ఆస్పత్రిలోనే గడిచిపోయింది. ఇంటికొచ్చాక కూడా వీరవేణి ఆ ఊసెత్తలేదు. లంకలో ఆవిడ చేసిన పని చుట్టుపక్కల పాకిపోయింది. పక్క ఊళ్ళో చెట్లు కోసే సాల్మన్, ఇంకా ఇద్దరు ముగ్గురు, వాళ్ళ చైన్లు తెచ్చి వసారాలో పెట్టి వెళ్ళసాగారు. "మీ చెయ్యి పడితే వేరండీ" అనేవారు. మేకు చాలక ఇంకో మేకు కొట్టారు. ఆవిడ ఎవర్నీ కాదనలేదు. కాదన్న ఒక్కసారీ ఏమైందో ఆవిడకి తెలుసు. మనిషి చిక్కిపోయింది. పలకరిస్తే ఆకురాయి ఆపకుండానే తలూపేది.

కార్తీకమాసంలో ఒక మధ్యాహ్నం, అచ్చిబాబుకి అన్నం పెడుతూ చెప్పేసింది.

"నేను కావాలనే రుద్దలేదండీ ఆ చైన్లు. మీరు టీ తాగుతున్నప్పుడు రుద్దేయగలిగేదాన్ని. మీ కాలు ఇలా అవడానికి నేనే కారణం."

అచ్చిబాబు ముద్ద కంచంలో పెట్టేశాడు.

"గోరు పెట్టి చూసేను కదా పొద్దున్నే. మొద్దని నాకు తెలీదా?" అన్నాడు.

"తెలిసి ఎందుకు పట్టుకెళ్ళేరు?"

అతను కంచం పక్కకి జరిపాడు. "ఓ గంట కోసి, తెగట్లేదని ఫోన్ చేద్దామనుకున్నాను. లంకలో జనం ఎదురుచూస్తున్నారంటే నువ్వే పరిగెత్తుకొస్తావు, ఎప్పట్లాగే. దాంతో షెడ్డు గొడవ కూడా వదిలేస్తావని. ఫోన్ చేసేలోపే మాను తిరిగింది."

వీరవేణి గరిటె గిన్నెలో పెట్టేసింది. నాలుగు నెలలుగా మోస్తున్న బరువు దిగిపోవాలి కదా. దిగలేదు. కోపం వచ్చింది, ఆ వెంటనే ఆ కాలు చూసి జాలి వేసింది, జాలి వేసినందుకు మళ్ళీ కోపం వచ్చింది. పెరట్లోకి వెళ్ళి బావి గట్టు మీద కూర్చుంది. సాయంత్రం దాకా లోపలికి రాలేదు. అచ్చిబాబు కంచం తనే ఎత్తి, కర్ర ఊతతో వెళ్ళి కడిగి పెట్టుకున్నాడు.

రెండు రోజులయ్యాక అతనే అడిగాడు. "షెడ్డులో ఇంకా తీసుకుంటారా?"

"తెలీదు."

"కనుక్కో. ఇక్కడ నేను చూసుకుంటాను. ఎలా రుద్దాలో రెండ్రోజులు చూపించు."

ఆమె చూపించింది. అతను మొదటి చైనుకి ఒకవైపు పళ్ళు బాగా అరగదీసి, రెండో వైపు వదిలేశాడు. దాంతో కోస్తే దుంగలో కోత వంకరగా పోయింది. సాల్మన్ తిరిగి తెచ్చిచ్చి, "చైను కుడివైపుకి లాగుతోంది బావా" అని నవ్వాడు. అచ్చిబాబుకి మొహం ఎర్రబడింది. ఆ చైను అందుకోవడానికి వీరవేణి లేవలేదు. లేవకుండా ఉండడం చాలా కష్టమైందని చెప్పింది నాతో.

షెడ్డు వాళ్ళు మళ్ళీ రమ్మన్నారు. కిందటి సోమవారం పొద్దున్న నేను గేటు దగ్గర నిలబడి ఉంటే, వాళ్ళింటి ముందు షెడ్డు ఆటో ఆగింది. వీరవేణి టిఫిను డబ్బా పట్టుకుని బయటకొచ్చింది. అదే సమయానికి సాల్మన్ బండి దిగుతున్నాడు, చేతిలో రెండు చైన్లు.

"వదినా, ఒక్క పది నిమిషాలు. అర్జెంటు కోత ఉంది. నువ్వే పెట్టాలి."

ఆమె చెయ్యి చాపబోయింది. నేను చూశాను, చాపింది కూడా. ఆటోవాడు హారను కొట్టాడు.

"లోపల మీ బావ ఉన్నాడు. ఆయన్నడుగు" అంది.

"బావ పెడితే మళ్ళీ పక్కకి లాగుతుంది వదినా!"

"లాగితే మళ్ళీ పెడతాడు."

ఆటోలో అప్పటికే ఐదుగురున్నారు. వీరవేణి అంచున కొద్దిగా చోటు చేసుకుని, ఒక కాలు బయటకే పెట్టి కూర్చుంది. ఆటో గట్టు మీదకి ఎక్కింది.